పీవీసీ పైపును వేడిచేసి వంచడం: మిద్దెతోట పందిరి నుంచి ఇంట్లో చిన్న పనుల దాకా

పీవీసీ పైపు వంచేటప్పుడు అసలు పని చేసేది వేడి, చేతి బలం కాదు. పైపు గోడ మందమంతా సమానంగా మెత్తబడేదాకా ఓపిక పడితే, వేళ్ళతో నెట్టినా వంగుతుంది. చల్లారాక అలాగే నిలబడుతుంది. పైపైన వేడి తగిలించి, మోకాలికి ఆనించి బలంగా లాగితే ఆ రోజుకు వంగినట్టే కనిపిస్తుంది. కొన్నాళ్ళు మిద్దె మీద ఎండలో ఉంటే వంపు మెల్లగా విప్పుకుంటుంది, లేదా లోపలి వైపు నొక్కుకుపోయి అక్కడే పగులుతుంది. ఈ తేడా తెలిస్తే మిగతాదంతా కొలతలూ జాగ్రత్తలే.

బెంగళూరులో మనవాళ్ళ మిద్దెల మీద ఇప్పుడు చిక్కుడు, బీర, కాకర, పొట్ల తీగలు బాగా కనిపిస్తున్నాయి. వాటికి పందిరి కావాలి. వెదురు అయితే రెండు వానాకాలాలకే పుచ్చిపోతుంది. ఇనుప చట్రం చేయిస్తే ఖర్చు, బరువు రెండూ ఎక్కువే. పీవీసీ తేలిక, తుప్పు పట్టదు, ఎవరైనా కోసుకోవచ్చు. అందుకే ఇక్కడ పందిరి కమానునే ఉదాహరణగా తీసుకుని చెబుతున్నాను. ఇది వచ్చాక బట్టల హ్యాంగర్, సైకిల్ తగిలించే కొక్కెం, పిల్లల గుడారం చట్రం, ట్యాబ్ స్టాండ్ ఏదైనా చేసుకోవచ్చు.

ఏ పైపు కొనాలి

హార్డ్‌వేర్ షాపులో పీవీసీ పైపు అడిగితే మొదట వచ్చే ప్రశ్న, "కరెంటు పైపా అన్నా, నీళ్ళ పైపా?" రెండూ పీవీసీనే, కానీ వంచడంలో వేరు.

కరెంటు పైపు అంటే గోడలో వైర్లు పోనివ్వడానికి వేసే కాండ్యూట్. 20, 25 మి.మీ. సైజుల్లో, సాధారణంగా 3 మీటర్ల పొడవున దొరుకుతుంది. దాని మీద ఎల్ఎంఎస్, ఎంఎంఎస్, హెచ్ఎంఎస్ అని రాసి ఉంటుంది, అంటే తక్కువ, మధ్యస్థ, ఎక్కువ ఒత్తిడి తట్టుకునేవి. ఎల్ఎంఎస్ గోడ పల్చన, త్వరగా నొక్కుకుపోతుంది, పందిరికి వద్దు. హెచ్ఎంఎస్ తీసుకోండి. చిక్కుడు, దోస, కాకర లాంటి తేలిక తీగలకు 25 మి.మీ. హెచ్ఎంఎస్ సరిపోతుంది.

నీళ్ళ పైపు గోడ మందంగా ఉంటుంది. షెడ్యూల్ 40 అని రాసి ఉండే ముప్పావు అంగుళం పైపు బయటి వ్యాసం దాదాపు 26.7 మి.మీ., గోడ దాదాపు 2.9 మి.మీ. వేడెక్కడానికి టైం పడుతుంది గానీ వంపు చాలా గట్టిగా నిలుస్తుంది. సొర, గుమ్మడి లాంటి బరువు కాయలు పెంచాలంటే ఒక అంగుళం నీళ్ళ పైపు మేలు.

మీగడ రంగులో ఉండే సీపీవీసీ పైపు, వేడినీళ్ళ లైన్లకు వాడేది, ఈ పనికి తీసుకోకండి. అందులో క్లోరిన్ ఇంకా ఎక్కువ, మెత్తబడే ఉష్ణోగ్రత కూడా ఎక్కువ. దాన్ని వంచబోయి మాడ్చడం సులువు. 75, 110 మి.మీ. డ్రైనేజీ పైపులను కూడా ఇంట్లో వంచలేం. అంత లావు గొట్టం లోపలికి కూలిపోతుంది. వాటిని నిలువుగా చీల్చి, వేడి చేసి, రెండు పలకల మధ్య నొక్కి రేకులా చేసుకోవడానికైతే బాగుంటాయి.

పాత పైపుల గురించి ఒక మాట. గతంలో మన దేశంలో పీవీసీ పైపుల తయారీలో సీసం సమ్మేళనాలు విరివిగా వాడేవారు. కేంద్ర పర్యావరణ శాఖ 2021లో నిబంధనలు తెచ్చి దీన్ని కట్టడి చేసింది. అందుకే ఇల్లు కూల్చిన చోట తెచ్చిన పాత పైపును కోసి, రుద్ది, పిల్లల ఆటవస్తువులు చేయకండి. ఆ పొడి మంచిది కాదు. కొత్త పైపు ధర మరీ ఎక్కువేం కాదు.

బెంగళూరు ఎస్పీ రోడ్డు వైపు వెళితే హాట్ ఎయిర్ గన్ (వేడిగాలి ఊదేది), బెండింగ్ స్ప్రింగ్ (వంచేటప్పుడు పైపు లోపల దూర్చేది) లాంటి పనిముట్లన్నీ ఒకే వీధిలో చూసుకోవచ్చు. పైపు మాత్రం ఇంటి దగ్గర షాపులోనే కొనండి. 3 మీటర్ల పైపును బైక్ మీద తేవడం ప్రమాదం. షాపువాళ్ళు ఆటోలో పంపిస్తారు, లేదంటే మన కొలత ప్రకారం కోసిస్తారు.

వేడి లెక్క

పీవీసీ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర గట్టితనం వదలడం మొదలుపెడుతుంది. అప్పుడు వంగుతుంది గానీ మొండికేస్తుంది. సుఖంగా వంగేది 110 నుంచి 135 డిగ్రీల మధ్య. 180, 200 డిగ్రీల వైపు పోతే పదార్థమే రసాయనికంగా విడిపోవడం మొదలై హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. పీవీసీ బరువులో దాదాపు 57 శాతం క్లోరిన్. ఆ వాయువు కంటి తడిలో, గొంతు తడిలో కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం అవుతుంది. టాయిలెట్ కడిగే యాసిడ్‌లో ఉండేది అదే. ఘాటు వాసన ముక్కుకు తగిలిందంటే మీరు వేడి దాటించేశారని అర్థం. వెంటనే గన్ పక్కకు తీయాలి.

ఇంకో సంగతి. పీవీసీ వేడిని చాలా నెమ్మదిగా లోపలికి పంపుతుంది, ఉక్కుతో పోలిస్తే రెండు వందల రెట్లకు పైగా తక్కువ. బయటి చర్మం 150 డిగ్రీలు దాటినా లోపలి గోడ ఇంకా గట్టిగానే ఉండొచ్చు. తొందరపడి గన్ దగ్గరగా పెడితే బయట గోధుమ రంగు, లోపల పచ్చి. దూరంగా పెట్టి నిదానంగా వేడి చేయాలని చెప్పేది ఇందుకే.

పీవీసీకి తన పాత ఆకారం గుర్తుంటుంది. ఫ్యాక్టరీ నుంచి నిటారుగా వచ్చిన పైపును మీరు వంచి చల్లారబెట్టాక, మళ్ళీ వేడి చేస్తే అది నిటారుగా అవడానికి ప్రయత్నిస్తుంది. దీనివల్ల మనకు లాభమే, వంపు సరిగా రాకపోతే తిరిగి వేడి చేసి మొదటికి తెచ్చుకోవచ్చు. నష్టమూ ఉంది. సరిగా వేడెక్కకుండా బలంతో వంచిన పైపులో ఒత్తిడి దాగి ఉంటుంది. ఏప్రిల్ ఎండలో మిద్దె మీది పైపు, అందులోనూ నలుపు రంగుది, బాగా కాలుతుంది. ఆ వేడికి దాగిన ఒత్తిడి బయటపడి వంపు విచ్చుకుంటుంది.

పని చేసే చోటు, జాగ్రత్తలు

బయట చేయాలి, లేదా రెండు వైపులా గాలి ఆడే చోట. అపార్ట్‌మెంట్‌లో వంటింటి వెనక యుటిలిటీ సౌకర్యంగా అనిపిస్తుంది గానీ అక్కడ గాలి తిరగదు, పొగ నేరుగా ఇంట్లోకి వస్తుంది. మిద్దె మీద చేయండి. గాలి మీ వీపు వైపు నుంచి పైపు మీదుగా పోయేలా కూర్చోండి. ఎన్95 మాస్క్ దుమ్మును ఆపుతుంది, వాయువును ఆపదు. కాబట్టి మాస్క్ పెట్టుకున్నామనే ధైర్యంతో గదిలో చేయకూడదు.

జూన్, జులైల్లో బెంగళూరు మిద్దెల మీద పడమటి గాలి ఆగకుండా వీస్తుంది. అది పైపును ఒక వైపు చల్లార్చేస్తుంది, మీరు ఎంత తిప్పినా వేడి సమానం కాదు. ఉదయం గాలి తగ్గిన టైంలో చేయండి, లేదా గాలి వచ్చే వైపు ఇటుకలు పేర్చి అడ్డం పెట్టుకోండి. అట్టపెట్టె అడ్డం పెట్టకండి, గన్ గాలికి అంటుకుంటుంది.

చేతికి తోలు గ్లవ్స్ లేదా మందమైన నూలు గ్లవ్స్ వేసుకోండి. రబ్బరువి, నైలాన్‌వి వద్దు. ఒంటి మీద నూలు బట్టలు, కాళ్ళకు బూట్లు. కంటికి అద్దాలు. పక్కన నిండు బకెట్ నీళ్ళు, రెండు తడి గుడ్డలు. చిన్నపిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకండి, ఎందుకంటే గన్ ఆపాక కూడా దాని మూతి చాలాసేపు మండుతూనే ఉంటుంది. చెయ్యి కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టాలి. పేస్టులు, నూనెలు పూయొద్దు.

కరెంటు సంగతి చాలామంది పట్టించుకోరు. 2000 వాట్ల హాట్ ఎయిర్ గన్ మన 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ చార్జర్ పెట్టే 6 ఆంపియర్ల చిన్న సాకెట్ దానికి సరిపోదు. గీజర్‌కు వాడే 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ నుంచి, మందమైన వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌తో తీసుకోండి. చుట్టగా ఉన్న వైరును పూర్తిగా విప్పి పరచండి, చుట్టలో ఉంటే వేడెక్కుతుంది. మిద్దె మీద లిఫ్ట్ గది సాకెట్ వాడాలంటే అసోసియేషన్‌కు ఒక మాట చెప్పడం మర్యాద.

కావాల్సినవి

హాట్ ఎయిర్ గన్, కొలత టేపు, అంటించే టేపు, పెన్సిల్, హ్యాక్‌సా లేదా పైపు కట్టర్, 120, 220 నంబర్ల ఎమరీ పేపర్, పొడి ఇసుక లేదా బెండింగ్ స్ప్రింగ్, ఒక ప్లైవుడ్ పలక, మేకులు. వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే మంచిది, లేకున్నా పని ఆగదు.

కొలతలు వేయడం

ఇక్కడ నిదానంగా చదవండి, కోత ఒకసారి పడితే వెనక్కి రాదు.

పావు వలయం వంపుకు ఎంత పైపు కావాలో తెలుసుకోవాలంటే, వంపు వ్యాసార్థాన్ని 1.57తో గుణించాలి. వ్యాసార్థం పైపు మధ్య గీత దాకా లెక్క. అంటే ఒక గుండ్రని పాత్ర చుట్టూ వంచుతుంటే, పాత్ర వ్యాసంలో సగానికి పైపు మందంలో సగం కలపాలి. 36 సెం.మీ. వ్యాసమున్న ఇనుప డబ్బా చుట్టూ 25 మి.మీ. పైపు వంచితే 18కి 1.25 కలిపి 19.25 సెం.మీ. దాన్ని 1.57తో గుణిస్తే 30.2 సెం.మీ. వంపుకు పట్టే పైపు అంతే.

వంపు వ్యాసార్థం పైపు వ్యాసానికి కనీసం ఐదు రెట్లు ఉంటే మొదటిసారి చేసేవాళ్ళకు తేలిక. 25 మి.మీ. పైపుకు అది 12.5 సెం.మీ. అంతకన్నా గట్టి మలుపు కావాలంటే ఎల్బో (షాపులో దొరికే మలుపు ముక్క) కొనుక్కోవడమే తెలివైన పని.

ఇప్పుడు మన పందిరి. వెడల్పు 90 సెం.మీ. ఉన్న కమాను, రెండు మూలల్లో 20 సెం.మీ. వ్యాసార్థంతో వంపులు, పైన మధ్యలో 50 సెం.మీ. నిటారు ముక్క అనుకుందాం. ఒక్కో వంపుకు 31.4 సెం.మీ. పడుతుంది. 3 మీటర్ల పైపు సరిగ్గా మధ్యలో, 150 సెం.మీ. దగ్గర గుర్తు పెట్టండి. అక్కడి నుంచి రెండు వైపులా 25 సెం.మీ. కొలిచి గుర్తులు పెట్టండి, అవి 125, 175 దగ్గర పడతాయి. అవే వంపులు మొదలయ్యే చోట్లు. అక్కడి నుంచి బయటి వైపు 31.4 సెం.మీ. కొలవండి, 93.6 దగ్గర, 206.4 దగ్గర వంపులు ముగుస్తాయి. మిగిలిన 93.6 సెం.మీ. చొప్పున రెండు కాళ్ళు. కాళ్ళకు వంపు ఎత్తు 20 కలిపితే కమాను ఎత్తు దాదాపు 114 సెం.మీ. కింద మనిషి నడవాలంటే ఇంకో పైపును 90 సెం.మీ. ముక్కలుగా కోసి, కప్లర్లతో (రెండు పైపులను కలిపే ముక్కలు) కాళ్ళకు జోడిస్తే రెండు మీటర్లు దాటుతుంది. కాళ్ళ చివర్లు వేడి తగలకుండా గుండ్రంగా ఉంచాలి, లేదంటే కప్లర్‌లోకి దూరవు. ఏ పనిలోనైనా చివర కనీసం 10 సెం.మీ. వేడి చేయకుండా వదిలేయండి.

ఇంకో చిన్న చిట్కా, కానీ చాలా పనికొస్తుంది. వంచే ముందే పైపు పొడవునా దారం సాగదీసి పట్టుకుని ఒక నిటారు గీత గీయండి. రెండో వంపు వంచేటప్పుడు ఆ గీత మొదటి వంపులో ఏ వైపు ఉందో అదే వైపు ఉండాలి. అప్పుడే రెండు కాళ్ళూ ఒకే తలంలో ఉంటాయి. గీత లేకుండా కంటి అంచనాతో చేస్తే కమాను మెలికపడి నేల మీద సరిగా ఆనదు.

అచ్చు తయారీ

వంపుకు అచ్చు తప్పనిసరి. ప్లైవుడ్ పలక మీద 18.75 సెం.మీ. వ్యాసార్థంతో పావు వలయం గీయండి. ఇది వంపు వ్యాసార్థంలోంచి పైపు సగం మందం తీసేసిన కొలత. గీత మీద రెండు మూడు సెంటీమీటర్లకొక మేకు కొట్టి, మేకుల మీదుగా రేకు పట్టీ లేదా మందమైన గుడ్డ చుట్టండి. మేకులు నేరుగా తగిలితే మెత్తని పైపు మీద గుంటలు పడతాయి. వంపు రెండు చివర్లా నిటారుగా పోయే చోట కూడా రెండేసి మేకులు కొట్టండి, కాళ్ళు తిన్నగా రావాలంటే అదే ఆధారం.

పలక లేకపోతే ఇంట్లో ఉన్న గుండ్రని వస్తువు ఏదైనా సరే, వేడి తట్టుకోవాలి. ఇనుప డ్రమ్ము, సిమెంటు కుండీ, పెద్ద గుండిగ పనికొస్తాయి. స్టీలు గుండిగ పైపు వేడిని ఒక్కసారిగా లాగేస్తుంది కాబట్టి దాని చుట్టూ పాత నూలు గుడ్డ చుట్టండి. 20 లీటర్ల మంచినీళ్ళ క్యాన్ ప్రతి ఇంట్లో ఉంటుంది గానీ అది ఈ వేడికి సొట్ట పోతుంది, వాడకండి.

లోపల నింపడం

వట్టి పైపును వంచితే లోపలి వైపు గోడ ముడత పడి గొట్టం చప్పిడి అవుతుంది. అది ఆపాలంటే లోపల ఏదైనా నింపాలి. కాండ్యూట్‌కు ఎలక్ట్రీషియన్లు వాడే బెండింగ్ స్ప్రింగ్ మంచిది, పైపు సైజుకు సరిపోయేది తీసుకోవాలి. దాని కొసకు గట్టి తాడు కట్టి, స్ప్రింగ్ వంపు చోటుకు మధ్యలో ఉండేలా తాడు పొడవు కొలిచి లోపలికి దింపండి. తీసేటప్పుడు చుట్ట బిగుసుకునే వైపు మెలిపెడుతూ లాగితే సన్నబడి బయటికి వస్తుంది.

స్ప్రింగ్ లేకపోతే ఇసుక. బెంగళూరులో ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఎం-శాండ్, అంటే రాళ్ళు పొడిచేసి తయారుచేసే ఇసుక. అందులో సన్న పొడి ఎక్కువ, జల్లించి వాడండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇసుక పూర్తిగా ఎండి ఉండాలి. తేమ ఉంటే వేడికి ఆవిరై బిరడాను ఎగరగొడుతుంది. ఒకరోజు ఎండబెట్టండి, లేదా పాత మూకుడులో వేయించి చల్లార్చండి. ఒక చివర గుడ్డ కుక్కి టేపు చుట్టి, నిలబెట్టి ఇసుక పోస్తూ, పైపును కర్రతో తడుతూ ఉండండి. తట్టినకొద్దీ ఇసుక దిగుతుంది. దిగడం ఆగేదాకా పోయాలి, వదులుగా ఉన్న ఇసుక ముడతను ఆపదు. రెండో చివర కూడా గుడ్డతోనే మూయండి. గమ్ వేసి ఎండ్ క్యాప్ బిగించకండి, లోపలి గాలికి దారి ఉండాలి.

వేడి చేయడం

గన్ తక్కువ సెట్టింగ్‌లో పెట్టండి. చాలా గన్‌లలో తక్కువ అంటేనే 300 డిగ్రీల పైన గాలి వస్తుంది. ఎక్కువ సెట్టింగ్ పెయింట్ ఊడదీయడానికి, మనకు కాదు. మూతి పైపుకు 6 నుంచి 8 సెం.మీ. దూరంలో ఉంచి, గుర్తుల మధ్య అటూ ఇటూ ఆగకుండా ఆడించండి. గుర్తులు దాటి రెండు సెంటీమీటర్లు అదనంగా వేడి తగలనివ్వండి. రెండో చేత్తో పైపును నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. ఇద్దరుంటే పని సుఖం, ఒకరు తిప్పుతారు, ఒకరు గన్ పట్టుకుంటారు. పైపు రెండు వైపులా ఇటుకల మీద ఆనించి, వేడి తగిలే చోటు గాల్లో ఉండేలా చూడండి.

30 సెం.మీ. భాగానికి కాండ్యూట్ అయితే మూడు నాలుగు నిమిషాలు, మందమైన నీళ్ళ పైపు అయితే అంతకు రెట్టింపు కూడా పట్టొచ్చు. ఇసుక నింపితే ఇంకా కొంచెం ఎక్కువ, ఎందుకంటే ఇసుక కూడా వేడి తాగుతుంది. గడియారం చూసి కాదు, పైపును చూసి నిర్ణయించాలి. మొదట పైన కాస్త నిగారింపు వస్తుంది. ఒక చివర ఎత్తి చూస్తే మొదట్లో కర్రలా ఉంటుంది, తర్వాత స్ప్రింగులా ఊగుతుంది, చివరికి ఉడికిన మునక్కాడలా తన బరువుకే వాలిపోతుంది. ఆ మూడో దశ వచ్చేదాకా వంచకండి. రెండో దశలో వంచాలనిపిస్తుంది, అక్కడే చాలామంది చేతులు తొందరపడతాయి. వాలడం మొదలయ్యాక కూడా ఇంకో అర నిమిషం తిప్పుతూ వేడి చేస్తే లోపలి గోడ కూడా సమానమవుతుంది.

తెల్ల పైపు పసుపు తిరుగుతున్నా, చిన్న బుడగలు లేస్తున్నా, ఘాటు వాసన వస్తున్నా ఎక్కువైనట్టే. ఒక్క చోటే ఎక్కువసేపు పెడితే ఇలా అవుతుంది. థర్మామీటర్ ఉంటే పైపు పైన 130 దాటకుండా చూసుకోండి.

వంచి, చల్లార్చడం

పైపును అచ్చు మీదికి తెచ్చి, మొదట ఒక గుర్తును వంపు మొదలయ్యే చోట సరిగ్గా పెట్టి, మిగతాది ఒకే కదలికలో, హడావిడి లేకుండా అచ్చుకు ఆనించండి. బలం పెట్టాల్సి వస్తే ఆగండి, అది ఇంకా వేడెక్కలేదు. తిరిగి గన్ దగ్గరికి తీసుకెళ్ళండి. అచ్చుకు ఆనాక కాళ్ళు మేకుల మధ్య నిటారుగా ఉన్నాయో లేదో, గీత వైపు మారిందో లేదో చూసుకోండి. ఈ సర్దుబాటుకు మీకు అర నిమిషం పైనే టైం ఉంటుంది.

తర్వాత తడి గుడ్డ వంపు మీద చుట్టి, రెండు మూడు నిమిషాలు కదలకుండా పట్టుకోండి. గుడ్డ వేడెక్కితే మార్చండి. పైన చల్లగా తగిలినా లోపల ఇసుక వేడిగానే ఉంటుంది కాబట్టి ఇసుక నింపిన పైపును ఇంకా ఎక్కువసేపు, పది నిమిషాలైనా, అచ్చు మీదే తాడుతో కట్టి వదిలేయడం మంచిది. పూర్తిగా చల్లారాకే ఇసుక పారబోయండి. సరిగా వేడెక్కిన పైపు అచ్చు నుంచి తీశాక వంపు పెద్దగా మారదు. మూడు నాలుగు డిగ్రీలకు మించి విచ్చుకుంటే వేడి చాలలేదని అర్థం, మళ్ళీ చేయాలి.

మొదటి వంపు బాగా చల్లారాకే రెండోది మొదలుపెట్టండి. రెండో కమాను చేసేటప్పుడు మొదటి దాని పక్కన పడుకోబెట్టి పోల్చుకుంటూ చేస్తే రెండూ ఒకేలా వస్తాయి.

మూలలు లేకుండా పూర్తి అర్ధ వలయం కావాలంటే పద్ధతి వేరు. 90 సెం.మీ. వెడల్పుకు వ్యాసార్థం 45, పైపు 141 సెం.మీ. పడుతుంది. అంత పొడవు ఒకేసారి గన్‌తో వేడి చేయలేం, ఒక చివర మెత్తబడేలోపు ఇంకో చివర చల్లారుతుంది. కాబట్టి అంత పెద్ద అచ్చు చేసుకుని, 25 సెం.మీ. చొప్పున వేడి చేసి, ఆనించి, చల్లార్చి, పక్క భాగానికి వెళ్ళాలి. ప్రతిసారీ ముందు భాగంలో ఐదారు సెంటీమీటర్లు కలిసేలా వేడి చేస్తే వంపు అతుకుల్లేకుండా వస్తుంది.

గన్ లేకపోతే

మరిగే నీళ్ళు సన్న కాండ్యూట్‌కు కొంతవరకు పనిచేస్తాయి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆ వేడికి పైపు మెత్తబడుతుంది గానీ సుఖంగా వంగే స్థాయికి రాదు. నీళ్ళు పోస్తే చాలదు, వంపు భాగాన్ని ముంచి రెండు మూడు నిమిషాలు ఉంచాలి. పైపు చివర కొంచెం వెడల్పు చేసి ఇంకో పైపు దూర్చుకోవడానికి మాత్రం ఈ పద్ధతి చక్కగా ఉంటుంది, మాడుతుందన్న టెన్షన్ ఉండదు.

వేడి ఇసుకను పైపులో పోసి వంచేవాళ్ళూ ఉన్నారు. లోపలి నుంచి సమానంగా వేడెక్కుతుంది, ముడతా పడదు. కానీ ఇసుక ఎంత కాగిందో థర్మామీటర్ లేకుండా తెలియదు, ఒలికితే కాలు కాలుతుంది. అలవాటు లేనివాళ్ళకు చెప్పను.

సైట్లలో కాగితాలు, కొబ్బరి పీచు మంట పెట్టి పైపు కాల్చడం చూసే ఉంటారు. మంట వెయ్యి డిగ్రీలకు దగ్గర్లో ఉంటుంది, పైపుకు కావాల్సింది 130. నల్లగా మాడిన ప్రతి చోటా పైపు పెళుసవుతుంది, ఆ పొగ పీల్చేది పనిచేసే మనిషే. గ్యాస్ స్టవ్ మీద కూడా ఇదే కథ. దయచేసి ఆ దారి వద్దు.

కాండ్యూట్‌ను అసలు వేడి లేకుండానే స్ప్రింగ్‌తో వంచొచ్చు, ఎలక్ట్రీషియన్లు చేసేది అదే. కావాల్సిన దానికన్నా కొంచెం ఎక్కువ వంచి వదిలితే సరైన చోటికి వస్తుంది. గోడలో పూడ్చే పైపుకు అది చాలు, సిమెంటు పట్టి ఉంచుతుంది. ఎండలో నిలబడే పందిరికి చాలదు.

తప్పు వస్తే

ముడత పడితే పైపు పారేయక్కర్లేదు. ఇసుక తీసేసి, ఆ భాగాన్ని మళ్ళీ నిదానంగా వేడి చేయండి. పాత ఆకారం గుర్తుంటుంది కాబట్టి ముడత చాలావరకు తనే విచ్చుకుని గొట్టం గుండ్రంగా అవుతుంది. ఇంకా నొక్కు మిగిలితే స్ప్రింగ్ దూర్చి సరిచేసి, నిటారుగా చల్లార్చి, మళ్ళీ మొదటి నుంచి చేయండి. గోధుమ రంగు వచ్చిన చోటు మాత్రం బాగుపడదు, కోసి తీసేయడమే.

వంపు బయటి వైపు గోడ సాగి పల్చబడుతుంది. అందువల్ల ఇలా వంచిన పైపును ఒత్తిడితో నీళ్ళు పారే లైన్లలో, ముఖ్యంగా ట్యాంకు నుంచి దిగే లైన్లో, వాడకూడదు. అక్కడ ఎల్బోనే వేయాలి.

పందిరి నిలబెట్టడం

రెండు కమానులను మీటరు దూరంలో నిలబెట్టి, పైన, పక్కల అడ్డ పైపులు పెట్టి కట్టుతీగతో లేదా కేబుల్ టైలతో బిగించండి. కేబుల్ టైలు నల్లవి తీసుకోండి, తెల్లవి ఎండకు త్వరగా తెగుతాయి. వాటి మధ్య నైలాన్ వల కడితే తీగ పాకుతుంది.

మిద్దె శ్లాబుకు రంధ్రాలు వేయకండి, వాటర్‌ప్రూఫింగ్ పోతుంది. ఒక్కో కాలును పాత పెయింట్ బకెట్‌లో నిలబెట్టి కాంక్రీటు పోయండి, లేదా మట్టి నిండిన పెద్ద కుండీల్లో లోతుగా దింపి పిట్టగోడకు తాడుతో కట్టండి. ఏప్రిల్, మే నెలల్లో ముంగారి వానలకు ముందు వచ్చే ఈదురుగాలికి, ఆకులు కమ్మిన పందిరి మొత్తంగా లేస్తుంది. కట్టు గట్టిగా లేకపోతే పక్కింటి మీద పడుతుంది.

పీవీసీకి ఎండే శత్రువు. ఏళ్ళ తరబడి అతినీలలోహిత కిరణాలు తగిలితే రంగు మారి పెళుసవుతుంది. 220 ఎమరీతో తేలికగా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, నీళ్ళలో కలిపే బయటి గోడల ఎమల్షన్ లేత రంగులో రెండు పూతలు వేయండి. ముదురు రంగు వేస్తే పైపు ఎక్కువ కాలుతుంది. రుద్దేటప్పుడు దుమ్ముకు మాస్క్ పెట్టుకోండి, ఇక్కడ ఎన్95 నిజంగా పనికొస్తుంది. ఏటా ఎండాకాలం ముందు వంపుల దగ్గర ఒకసారి తడిమి చూడండి. తెల్లటి సన్నగీతలు కనిపిస్తే ఆ ముక్క మార్చేయాలి.

మిగిలిన పైపు ముక్కలను కాల్చకండి. బారెడు ముక్కలుంటే దాచుకోండి, కొత్త గన్ కొన్న రోజు నేరుగా మంచి పైపు మీద కాకుండా వాటి మీదే మూడు దశలూ చూసి చేతికి అలవాటు చేసుకోవచ్చు. జానెడు ముక్కలను ఒక చివర వేడి చేసి, లావు కర్ర చుట్టూ తిప్పితే గోడకు తగిలించే కొక్కేలవుతాయి. అంతకన్నా చిన్నవి పొడి చెత్తలో వేయండి.